ముందు చక్రాలా, నాలుగు చక్రాలా? అడవి అంచు దారుల్లో ఇంటి కారు



దసరా దగ్గర పడితే ఖమ్మం, కొత్తగూడెం షోరూముల్లో సందడి మొదలవుతుంది. ఏళ్ల తరబడి కూడబెట్టిన డబ్బుతో ఇంటికి తొలి కారు కొనేవాళ్లు చాలామంది ఆ రోజుల్లోనే బయలుదేరతారు. మైలేజీ ఎంత, పెట్రోలా డీజిలా అన్న ప్రశ్నలు పాతవే. ఈమధ్య వాటికి ఇంకొకటి తోడైంది. ఫ్రంట్ వీల్ డ్రైవ్ సరిపోతుందా, ఆల్ వీల్ డ్రైవ్ తీసుకోవాలా? అడవి పక్కన ఉంటున్నాం, వానాకాలం దారులు ఎలా ఉంటాయో తెలుసు, పిల్లల్ని, పెద్దవాళ్లను ఎక్కించుకుని తిరగాలి. ఇలాంటి ఇంటివాళ్లు ఆ ప్రశ్న అడగడంలో న్యాయముంది. అందుకే ఈవేళ దాని గురించే మాట్లాడతాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మన వైపు ఎక్కువ ఇళ్లకు ముందు చక్రాల కారు చాలు. కాకపోతే దానికి నేల నుంచి తగినంత ఎత్తుండాలి, టైర్లు బాగుండాలి. కొన్ని ఇళ్లకు మాత్రం నాలుగు చక్రాలూ లాగే కారు నిజంగానే అవసరం. మీరు ఏ కోవలోకి వస్తారో తేల్చేది మెయిన్ రోడ్డు దిగాక మీ ఇంటిదాకా, లేదా మీరు రోజూ పనికి వెళ్లే ఊరిదాకా ఉండే ఆఖరి రెండు మూడు కిలోమీటర్లు. ఇక పొంగే వాగు సంగతికొస్తే, దాన్ని దాటగల ఇంటి కారు ఏదీ లేదు. ఈ చివరి మాట మీద కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను.

మొదట ఈ రెండింటికీ తేడా ఏమిటో చూద్దాం. ఫ్రంట్ వీల్ కారులో ఇంజిను, గేరుబాక్సు రెండూ ముందు చక్రాల మీదే కూర్చుంటాయి. ఖాళీ కారు బరువులో సుమారు 60 శాతం ముందు భాగంలోనే ఉంటుంది. లాగే చక్రాల మీదే బరువు పడుతుంది కాబట్టి తడి రోడ్డు మీద వాటికి పట్టు దొరుకుతుంది. శక్తిని వెనక్కి మోసుకెళ్లే పొడవాటి షాఫ్టు అక్కర్లేదు. దాంతో కారు తేలికవుతుంది, ధర తగ్గుతుంది, లోపల కాళ్లు చాపుకునే చోటు పెరుగుతుంది. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చేదాకా మన రోడ్ల మీద తిరిగిన అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని వెనక చక్రాలతో నడిచేవే. ఇవాళ మనం చూసే స్విఫ్ట్, బలెనో, ఐ20, బ్రెజా, నెక్సాన్, ఎర్టిగా అన్నీ ముందు చక్రాలవి. బొలెరో, ఇన్నోవా క్రిస్టా వెనక చక్రాలవి.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటి ఉంది. బండి ఎత్తుగా, దిట్టంగా కనిపిస్తే అది ఫోర్ వీల్ డ్రైవే అనుకుంటారు. మన దేశంలో అమ్ముతున్న క్రెటా ఎస్‌యూవీయే, కానీ లాగేది ముందు చక్రాలే. పెద్ద బండి కొన్నాం కదా అని బురదలోకి దిగి ఇరుక్కున్నవాళ్లు మన ఊళ్లలో తక్కువేం లేరు. కొనేముందు సేల్స్‌మన్‌ని సూటిగా అడగండి: ఈ మోడల్లో ఏ చక్రాలకు పవర్ వెళ్తుంది?

మరి ముందు చక్రాల కారు ఎక్కడ తడబడుతుంది? జూలై నెల, సాయంత్రం పూట ఒక జల్లు పడి వెలిసింది. బోనకల్లు వైపు పత్తి చేల మధ్య రేగడి బాట. ఎదురుగా ట్రాక్టరు వస్తోందని దారి ఇవ్వడానికి ఒక కారు కాస్త పక్కకు దిగింది. ముందు ఎడమ చక్రం మెత్తటి నేలలో పడింది. డ్రైవరు యాక్సిలరేటర్ తొక్కాడు. రెండు తిరుగుళ్లకే టైరు గాడుల నిండా నల్లమట్టి పట్టేసింది. ఇక అది గాడులున్న టైరు కాదు, నున్నటి మట్టి ముద్ద. గట్టి నేల మీదున్న కుడి చక్రం కదలదు, బురదలో ఉన్న ఎడమ చక్రం మాత్రం గిర్రున తిరుగుతుంది. ఎందుకంటే రెండు చక్రాలకూ శక్తిని పంచే మామూలు డిఫరెన్షియల్ ఏ చక్రం తేలిగ్గా తిరిగితే శక్తిని దానికే పంపేస్తుంది. ట్రాక్టరాయన దిగొచ్చి ఒక్క మాట అన్నాడు: “అన్నా, ఇంక తొక్కకండి. తొక్కిన కొద్దీ దిగుద్ది.” ఆ మాటలో ఇంజినీరింగ్ అంతా ఉంది. చక్రం ముందు మట్టి తవ్వి, కింద రెండు గోనెసంచులు పరిచి, రెండో గేరులో మెల్లగా క్లచ్ వదిలితే బండి బయటికొచ్చింది.

రెండో ఇబ్బంది తడిసిన ఎగుడు. ఏడుగురు ఎక్కి, వెనక సామాను నింపిన కారు ఏటవాలు ఎక్కుతుంటే బరువు వెనక్కి జరుగుతుంది. ముందు చక్రాలు తేలికపడి జారతాయి. మొరం కొట్టుకుపోయిన ఎత్తుల మీద, వరద తీసిన తర్వాత ఒండ్రు పట్టిన గోదావరి గట్టు దారుల్లో ఇది కనబడుతుంది. అలాంటప్పుడు మనుషుల్ని దింపి, చోటు ఉంటే కారును తిప్పుకుని రివర్సులో ఎక్కించి చూడండి. అప్పుడు బరువు వచ్చి లాగే చక్రాల మీద పడుతుంది. మొండికేసిన ఎత్తును చాలాసార్లు అలా ఎక్కించవచ్చు.

ఇప్పుడు నాలుగు చక్రాల సంగతి. వీటిలో రెండు తరహాలున్నాయి. మొదటిది ఆల్ వీల్ డ్రైవ్. గ్రాండ్ విటారా, హైరైడర్ లాంటి కార్లలో కొన్ని మోడళ్లకు ఇది వస్తుంది. మామూలుగా ముందు చక్రాలే లాగుతుంటాయి. అవి జారుతున్నట్టు కంప్యూటరు గమనించగానే మధ్యలో ఉన్న కప్లింగ్ బిగిసి వెనక చక్రాలకు కూడా శక్తి వెళ్తుంది. డ్రైవరు చేయాల్సిందేమీ లేదు. రెండోది ఫోర్ బై ఫోర్. జిమ్నీ, థార్‌లో ఫోర్ బై ఫోర్ మోడల్ లాంటివి. వీటిలో లీవరు వేసి మనమే నాలుగు చక్రాలను కలపాలి. లో రేంజ్ గేరు కూడా ఉంటుంది. వేగం బాగా తగ్గి, లాగే బలం బాగా పెరుగుతుంది. ఫారెస్టు వాళ్లు, పోలీసులు ఏళ్ల తరబడి జిప్సీలు వాడింది ఈ బలం కోసమే. ఒక జాగ్రత్త ఉంది. ఇలాంటి బళ్లలో పొడి తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వేసి నడపకూడదు. మలుపులో ముందు చక్రాలు, వెనక చక్రాలు వేర్వేరు దూరాలు తిరుగుతాయి. వాటిని ఒకటిగా బిగించేస్తే ఆ ఒత్తిడంతా గేర్ల మీద, షాఫ్టుల మీద పడుతుంది.

నాలుగు చక్రాలు కదలడానికి, ఎక్కడానికి, బురదలోంచి బయటపడటానికి సాయం చేస్తాయి. ఇందులో సందేహం లేదు. ఆగడానికి మాత్రం వాటివల్ల ఒరిగేది ఏమీ లేదు. ప్రతి కారుకూ బ్రేకులు నాలుగు చక్రాలకూ ఉంటాయి. ఆపేది బ్రేకు, టైరుకు రోడ్డుకు మధ్య ఉన్న పట్టు, అంతే. వేగం రెట్టింపైతే బ్రేకు పడ్డాక బండి జరిగే దూరం నాలుగింతలవుతుంది. ఆల్ వీల్ కారుకైనా ఈ లెక్క మారదు. పాల్వంచ దాటి భద్రాచలం వైపు రాత్రిపూట వెళ్లేటప్పుడు రోడ్డు మీద పడుకున్న పశువులు, కోతల కాలంలో ఆరబోసిన వడ్లు, లైటు లేకుండా నిలబెట్టిన ట్రాలీ ఎదురైతే మనకు కావలసింది ఆగే శక్తి. తడి రోడ్డు మీద తేలిగ్గా పరుగెత్తే కారు, ఆగడంలోనూ అంతే తేలికని నమ్మిస్తుంది. ఆ నమ్మకంతో వేగం పెంచడం ప్రమాదం.

అమెరికాలో ఉన్న పిల్లలు ఫోన్లో సలహా ఇస్తుంటారు, “నాన్నా, ఇక్కడ అందరం ఆల్ వీల్ డ్రైవే కొంటున్నాం, నువ్వూ అదే తీసుకో” అని. మిషిగన్‌లోనో మిన్నెసోటాలోనో ఉన్నవాళ్లకు ఏడాదిలో నెలల తరబడి మంచు. వాళ్ల మాట వాళ్ల ఊరికి సబబే. అక్కడి అనుభవజ్ఞులు కూడా మంచులో నడపాలంటే మంచు టైర్లే ముఖ్యమని, ఆల్ వీల్ డ్రైవ్ వాటి తర్వాతేనని చెబుతారు. మనకు మంచు లేదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వాన, మిగతా ఎనిమిది నెలలు దుమ్ము, ఎండ, మంచి తారు రోడ్డు. పిల్లల ప్రేమను స్వీకరించండి, కారును మాత్రం మన దారిని బట్టి ఎంచుకోండి.

డబ్బు లెక్క చూద్దాం. ఒకే కారులో ముందు చక్రాల మోడల్‌కూ ఆల్ వీల్ మోడల్‌కూ లక్షకు పైగా తేడా ఉంటుంది. పైగా అది ఖరీదైన మోడళ్లలోనే వస్తుంది కాబట్టి మనకు అక్కర్లేని హంగులకు కూడా డబ్బు కట్టాలి. పెట్రోలు తేడా అనుకున్నంత పెద్దది కాదు. గ్రాండ్ విటారా 2022లో వచ్చినప్పుడు మాన్యువల్‌లో కంపెనీ చెప్పిన మైలేజీ ముందు చక్రాలదానికి లీటరుకు 21 కిలోమీటర్లు, ఆల్ వీల్‌దానికి 19 పైచిలుకు. ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరిగేవాళ్లకు ఇది దాదాపు 50 లీటర్ల తేడా, అంటే ఐదు వేల రూపాయల పైమాట.

అసలు ఖర్చు బండిని ర్యాంపు ఎక్కించి కింది నుంచి చూస్తే అర్థమవుతుంది. ముందు చక్రాల కారు అడుగున సైలెన్సర్ పైపు, బ్రేకు పైపులు, వెనక చక్రాల మధ్య ఒక దిట్టమైన కమ్మీ కనిపిస్తాయి. ఆల్ వీల్ కారు అడుగున వాటితో పాటు ముందు నుంచి వెనక్కి పోయే షాఫ్టు, దాని జాయింట్లు, కప్లింగ్, వెనక డిఫరెన్షియల్, రెండు చక్రాలకూ యాక్సిళ్లు, ప్రతి దానికీ రబ్బరు బూట్లు ఉంటాయి. ఒక బూటు చిరిగితే గ్రీజు కారిపోతుంది, లోపలికి ఇసుక చేరుతుంది, కొద్ది నెలల్లో జాయింటు కటకటమంటుంది. ఇసుక లారీలు తిరిగే చర్ల రోడ్డులోనో, బొగ్గు దుమ్ము లేచే మణుగూరు రోడ్డులోనో తిరిగే బండికి ఈ తనిఖీ తప్పనిసరి. ఇంకో సంగతి, ఆల్ వీల్ కారుకు నాలుగు టైర్లూ ఒకే సైజులో, దాదాపు ఒకే అరుగుదలలో ఉండాలి. ఒక టైరు పాడైందని ఒక్కటే కొత్తది వేస్తే చుట్టుకొలతలు తేడా వచ్చి కప్లింగ్ ఊరికే శ్రమపడుతుంది. వెనక ఇచ్చే స్టెప్నీ చిన్న సైజుదైతే దానితో ఎంత దూరం, ఎంత వేగంతో వెళ్లవచ్చో షోరూంలోనే అడిగి తెలుసుకోండి. స్టెప్నీయే లేకుండా పంక్చరు కిట్టు ఇచ్చే కారును అడవి దారుల్లో తిరిగేవాళ్లు తీసుకోకపోవడమే మేలు.

ఇప్పుడు వాగుల సంగతి. దయచేసి ఈ మాట ఇంట్లో బండి నడిపే ప్రతి ఒక్కరికీ చెప్పండి.

2024 సెప్టెంబరు 1న ఖమ్మంలో మున్నేరు పొంగిన రోజు మనందరికీ గుర్తుంది. ప్రకాశ్‌నగర్ వంతెన మీద మనుషులు చిక్కుకుపోయారు. అదే రోజు, మున్నేరులో కలిసే ఆకేరు మరిపెడ దగ్గర ఒక కారును ఈడ్చుకుపోయింది. అందులో ఉన్నవాళ్లు మనకు దక్కలేదు. అది ముందు చక్రాల కారా, నాలుగు చక్రాల కారా అన్నది అక్కడ అడగవలసిన ప్రశ్నే కాదు. ఎందుకో లెక్క వేసి చెబుతాను.

ఒక ఘనపు మీటరు నీళ్లు వెయ్యి కిలోలు తూగుతాయి. స్విఫ్ట్ పొడవు 3.86 మీటర్లు, వెడల్పు 1.73 మీటర్లు. అడుగు భాగం దాదాపు ఆరు చదరపు మీటర్లు అనుకుందాం. కారు బరువు సుమారు 900 కిలోలు. అడుగు భాగం పైకి నీళ్లు 15 సెంటీమీటర్లు వస్తే పక్కకు తోసిన నీటి బరువు కారు బరువుతో సమానమవుతుంది. ఆ కారుకు నేల నుంచి ఉన్న ఎత్తు 163 మిల్లీమీటర్లు. రెండూ కలిపితే 31 సెంటీమీటర్లు, అంటే ఒక్క అడుగు. అడుగు లోతు నీళ్లలో ఆ కారు తేలడం మొదలుపెడుతుంది. మరి ఆల్ వీల్ గ్రాండ్ విటారా? అది పన్నెండు వందల కిలోల పైచిలుకు బరువు, నేల నుంచి 210 మిల్లీమీటర్ల ఎత్తు. పొడవూ వెడల్పూ కూడా ఎక్కువే కాబట్టి దాదాపు 39 సెంటీమీటర్ల దగ్గర అదీ తేలుతుంది. ఇది సుమారు లెక్కే. కానీ రెండింటి మధ్య ఎంత తేడా వచ్చిందో చూడండి. ఎనిమిది సెంటీమీటర్లు. నాలుగు వేళ్ల మందం. అంత ఖర్చు పెట్టి కొన్న బండి వాగులో మనకు ఇచ్చే అదనపు భరోసా అంతే.

తేలిన బండికి టైరు కింద నేల ఉండదు. నేల లేనప్పుడు శక్తి రెండు చక్రాలకు వెళ్లినా నాలుగింటికి వెళ్లినా ఒకటే. పైగా నీటి వేగం రెట్టింపైతే పక్క నుంచి తోసే బలం నాలుగింతలు. రెండడుగుల ప్రవాహం పెద్ద ఎస్‌యూవీలను కూడా లాక్కుపోగలదు. చప్టా మీద పారే నీళ్లు ఎర్రగా ఉంటాయి, అంచులు కనబడవు, కింద రోడ్డు ఉందో కోసుకుపోయిందో తెలియదు. ముందు వెళ్లిన లారీ దాటిందని మన కారు దాటదు. లారీ బరువు వేరు.

భద్రాచలం వైపువాళ్లకు ఇంకో విషయం. అక్కడ గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చింది. 2022లో వంతెన మీద రాకపోకలు కూడా ఆపేశారు. గోదావరి నిండితే వాగుల నీళ్లు అందులో కలవలేక వెనక్కి తన్నుతాయి. బూర్గంపాడు దగ్గర కిన్నెరసాని ఎగదన్నేది అందుకే. మీ ఊళ్లో చినుకు లేకపోయినా, ఎండ కాస్తున్నా రోడ్డు మునగవచ్చు. కాబట్టి ఆ నెలల్లో బయలుదేరే ముందు రేడియోలో నీటిమట్టం వినండి. వాగు రోడ్డు మీదుగా పారుతుంటే ఆగిపోండి, వెనక్కి తిరగండి. పెళ్లయినా, పరీక్షయినా, ఇంకేదైనా సరే. ఆసుపత్రికి వెళ్లాల్సి వస్తే 108కి ఫోన్ చేసి ఏ దారి తెరిచి ఉందో కనుక్కోండి.

ఇక ఎవరికి ఏది నప్పుతుందో చెబుతాను. ఖమ్మం, కొత్తగూడెం, పాల్వంచ, సారపాక, భద్రాచలం టౌన్లలో ఉంటూ హైదరాబాదుకు, విజయవాడకు, ఏడాదికోసారి పర్ణశాలకు, పాపికొండలకు వెళ్లే కుటుంబానికి ముందు చక్రాల కారు నిశ్చింతగా సరిపోతుంది. విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నం నుంచి కొత్తగూడెం, భద్రాచలం మీదుగా జగదల్‌పూర్ వెళ్లే 30వ నంబరు జాతీయ రహదారి మీద మీకు ఆల్ వీల్ అక్కర్లేదు. చింతూరు నుంచి మారేడుమిల్లి ఘాట్ ఎప్పుడో ఒకసారి దాటేవాళ్లకు కూడా ఇదే మాట. ఘాట్‌లో కావలసింది సరైన గేరు, మంచి బ్రేకులు, ఓపిక. దిగేటప్పుడు ఎక్కిన గేరులోనే దిగండి, న్యూట్రల్ చేయకండి.

గుండాల, చర్ల, దుమ్ముగూడెం మండలాల్లో లోపలి గూడేలకు వానాకాలం అంతా వెళ్లక తప్పని ఉద్యోగులు, ఆరోగ్య సిబ్బంది, అశ్వారావుపేట, దమ్మపేట వైపు పామాయిల్ తోటల్లోకి రోజూ బండి దించే రైతులు, ఇంటి దారే రేగడి బాట అయినవాళ్లు, వీళ్లకు నాలుగు చక్రాల బండి దండగ కాదు. జారుడు మాత్రమే ఉంటే ఆల్ వీల్ చాలు. గుంతలు, బండరాళ్లు, లోతైన గాడులు ఉంటే లో రేంజ్ ఉన్న ఫోర్ బై ఫోర్ తీసుకోండి. అయితే జిమ్నీ లాంటి బండిలో నలుగురే పడతారు, సామానుకు చోటు తక్కువ. ఇంట్లో ఆరుగురుంటే అది ఇంటి కారు కాలేదు.

ఏ కారు కొన్నా రెండు విషయాల్లో రాజీ పడకండి. ఒకటి నేల నుంచి ఎత్తు. 180 మిల్లీమీటర్ల పైన ఉంటే మన పల్లె దారులకు నయం. నిండా మనుషులు ఎక్కాక అది ఇంకా తగ్గుతుందని గుర్తుంచుకోండి. రెండోది టైర్లు. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు వచ్చిందంటే చట్టం ప్రకారమే ఆ టైరు పనికిరాదు. వానాకాలానికి అంతదాకా ఆగకుండా ముందే మార్చండి. వీటికి తోడు, ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ ఉన్న మోడల్ తీసుకోండి. బండి పక్కకు జారినప్పుడు ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేసి నిలబెట్టేది అదే. ఆల్ వీల్ మానుకుని మిగిల్చిన లక్షలో కొంత ఇలాంటివాటి మీద పెడితే ఇంటిల్లిపాదికీ రక్షణ. డిక్కీలో లాగుడు తాడు, గాలి పంపు, రెండు గోనెసంచులు, చిన్న పార, టార్చి ఉంచుకోండి.

చివరిగా ఒక సలహా. షోరూం వాళ్లు టెస్ట్ డ్రైవ్ అని బైపాస్ మీద రెండు కిలోమీటర్లు తిప్పుతారు. దానితో సరిపెట్టుకోకండి. బుక్ చేసే ముందు అలాంటి కారునే ఒకరోజు అద్దెకు తీసుకుని, ఇంట్లోవాళ్లందరినీ ఎక్కించుకుని, వాన వెలిసిన మర్నాడు మీ ఊరి దారిలో నడపండి. అడుగు తగులుతుందో లేదో, ఎత్తు ఎక్కుతుందో లేదో, వెనక కూర్చున్న అమ్మ నడుము పట్టేసిందో లేదో అప్పుడు తెలుస్తుంది. ముందు చక్రాలతో ఆ దారి సాఫీగా సాగితే అదే కొనండి, ఇంకెవరి మాటా వినక్కర్లేదు. సాగకపోతే నాలుగు చక్రాలకు పెట్టే డబ్బు గురించి బాధపడకండి. ఏది కొన్నా సరే, నీళ్లు పారుతున్న చప్టా ముందు బ్రేకు మీద కాలు పెట్టే మనిషిగా ఉండండి.